ఫైబర్ మోడెమ్ కంపెనీది, రూటర్ మనది: రెండింటినీ కలిపే ముందు చూసుకోవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. విజయవాడలో రెండంతస్తుల ఇల్లు, 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను. కంపెనీ ఇచ్చిన మోడెమ్ కింద మెట్ల పక్కన గోడకు బిగించి ఉంది. పై గదులకు వైఫై అందక మీరు ఒక వైఫై 6 రూటర్ కొని, కేబుల్ లాగించి పైన పెట్టారు. నెట్ వస్తోంది. కానీ కింద ఉన్న ప్రింటర్ పై గదిలోని ల్యాప్‌టాప్‌కు కనిపించడం లేదు, ఊరెళ్లినప్పుడు ఇంటి సీసీ కెమెరాలు ఫోన్లో తెరుచుకోవడం లేదు, స్పీడ్ టెస్టు 94 దగ్గరే ఆగిపోతోంది. లైను వేసిన టెక్నీషియన్ బ్రిడ్జ్ మోడ్ (మోడెమ్‌లోని రూటర్ పనిని ఆపి, లైనును నేరుగా మీ రూటర్‌కు అందించడం) పెడితే అన్నీ సర్దుకుంటాయని, తమ కంపెనీ మాత్రం దానికి ఒప్పుకోదని చెప్పి వెళ్లాడు. న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్య మాత్రం తన రూటర్‌ను నేరుగా తగిలించగానే పనిచేసిందన్నారు. ఇక్కడ ఎందుకు కుదరదు, అసలు మోడెమ్‌నే మార్చేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

సొంత రూటర్ పెట్టుకోవడం మంచి నిర్ణయం, అందులో సందేహం లేదు. అయితే మీ మూడు ఇబ్బందులకూ కారణాలు వేర్వేరు. ఒకదానికి అసలు బ్రిడ్జ్‌తో సంబంధమే లేదు. ఇంకొకటి బ్రిడ్జ్ పెట్టినా బహుశా తీరదు. మిగిలినది బ్రిడ్జ్ లేకుండానే పది నిమిషాల్లో తీరుతుంది. అందుకే కస్టమర్ కేర్‌తో పోట్లాటకు దిగే ముందు ఒక్కొక్కటీ విడదీసి చూడండి.

ముందుగా 94 సంగతి. ఈ అంకె కనిపించగానే నేను రూటర్ వైపు చూడను, కేబుల్ వైపు చూస్తాను. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లింకులో ప్యాకెట్ల పైతొడుగులకు పోయేది పోగా స్పీడ్ టెస్టులో మిగిలేది సుమారు 94. అంటే మీ మోడెమ్‌కు, రూటర్‌కు మధ్య లింకు 1000కి బదులు 100 మీద కుదిరింది. కేబుల్ చివర ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ప్లగ్గును వెలుగులో పట్టుకుని చూడండి. లోపల ఎనిమిది రంగుల తీగలు వరుసగా చివరిదాకా వచ్చి ఉండాలి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. 100కు నాలుగు చాలు. మన దగ్గర ఇళ్లలో కేబుల్ లాగేవారు కెమెరాలకు చేసే అలవాటుతో నాలుగే బిగించి వదిలేయడం, లేదా ఒకే కేబుల్లోని మిగతా నాలుగు తీగలను ల్యాండ్‌లైనుకు వాడటం తరచుగా చూస్తాను. ఎనిమిదీ ఉన్నా ఒకటి సరిగ్గా నొక్కుకోకపోతే ఫలితం అదే. ప్లగ్గు కోసి కొత్తది బిగించడం కొద్ది నిమిషాల పని.

కేబుల్ బాగానే ఉంటే మోడెమ్ వెనక్కి వెళ్లండి. తక్కువ ధర మోడెమ్‌లలో నాలుగు పోర్టులు ఉన్నా ఒకటే గిగాబిట్‌ది, మిగతావి 100వి కావడం మామూలే. పోర్టు పక్కన జీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్‌ఈ అని ఉంటే 100. ఏమీ రాసి లేకపోతే మొదటి పోర్టుకు మార్చి చూడండి. మీ రూటర్ స్టేటస్ పేజీలో వాన్ (బయటి నెట్ వైపు) లింకు ఎంత మీద ఉందో కనిపిస్తుంది. అక్కడ 1000 కనిపించేదాకా మిగతా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

ఇక ప్రింటర్. అది కింది మోడెమ్ వైఫైకి కలిసి ఉంది, ల్యాప్‌టాప్ పైనున్న మీ రూటర్‌కు కలిసి ఉంది. రెండు పెట్టెలూ రూటర్లుగానే పనిచేస్తున్నాయి కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు రెండు వేర్వేరు నెట్‌వర్కులున్నాయి. ల్యాప్‌టాప్ ప్రింటర్‌ను వెతుకుతూ వేసే కేక తన నెట్‌వర్కు గడప దాటదు. ప్రింటర్‌ను మీ రూటర్ వైఫైకి మార్చండి, సమస్య అక్కడితో పోతుంది. కిందిదాకా మీ వైఫై అందకపోతే వేరే దారి ఉంది, తర్వాత చెబుతాను.

అసలు కష్టం కెమెరాలది. దీనికి ముందు ఆ పెట్టెలో ఏం జరుగుతోందో తెలియాలి. మోడెమ్ అని మనం పిలిచేది నిజానికి ఓఎన్‌టీ. అది కాంతిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అదే పెట్టెలో రూటర్, వైఫై, ల్యాండ్‌లైన్ ఫోను పోర్టు కూడా కలిపేశారు. మీ వీధిలోకి వచ్చే ఒక్క ఫైబర్ పోగును స్ప్లిటర్‌తో సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఇలా పంచే పద్ధతుల్లో ఒకటైన జీపాన్ అయితే కిందికి వచ్చే 2.5 గిగాబిట్లూ, పైకి వెళ్లే 1.25 గిగాబిట్లూ ఆ ఇళ్లన్నీ పంచుకోవాలి. కిందికి వచ్చే కాంతి అందరి ఇళ్లకూ చేరుతుంది, ఎవరి ఓఎన్‌టీ వారి భాగాన్ని మాత్రమే విప్పుకుంటుంది. పైకి పంపడంలోనే ఇబ్బంది ఉంది. చివరి పొలాల దాకా కాలువ నీటిని వంతుల ప్రకారం వదిలినట్లు, ఏ ఇంటి ఓఎన్‌టీ ఏ క్షణంలో పంపాలో కంపెనీ వైపు ఉన్న ఓఎల్‌టీ అనే పరికరం నిర్ణయిస్తుంది. వంతు తప్పి ఒక పెట్టె కాంతిని వదులుతూ కూర్చుంటే ఆ శాఖ మీదున్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది.

ఓఎన్‌టీని సీరియల్ నంబరు ద్వారానో, ఈపాన్ అనే ఇంకో పద్ధతి అయితే మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ద్వారానో ముందే నమోదు చేసుకోవడానికి కారణం ఇదే. బయట కొన్న పెట్టెకు ఫైబర్ గుచ్చగానే నెట్ రాకపోవడానికీ ఇదే కారణం. కాబట్టి మోడెమ్‌ను మార్చేయవచ్చా అన్నదానికి నా సమాధానం: కంపెనీ ఒప్పుకుని, కొత్త సీరియల్ నంబరును నమోదు చేస్తేనే మార్చండి. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌లో సొంత ఓఎన్‌టీ కొనుక్కుని స్థానిక భాగస్వామి చేత నమోదు చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. అలా కొనేటప్పుడు మీ లైను జీపానో ఈపానో ముందు అడగండి, రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌పాన్ పెట్టె అయితే ఇబ్బంది లేదు. మీ పరిస్థితిలో మాత్రం మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. కాంతి పని ఆ పెట్టె బాగానే చేస్తోంది, దాన్ని దానికే వదిలేయండి.

ఇప్పుడు కెమెరాల పరీక్ష. మోడెమ్ పేజీ తెరవండి. చాలా కంపెనీలకు అది 192.168.1.1, జియోకు 192.168.29.1. స్టేటస్‌లో వాన్ ఐపీ చిరునామా కనిపిస్తుంది, రాసిపెట్టుకోండి. తర్వాత బ్రౌజర్లో మీ ఐపీ ఏమిటో చూపించే ఏదో ఒక సైటు తెరవండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ చిరునామా, అంటే బయటి నుంచి నేరుగా చేరగలది, ఉంది. వేరైతే, ముఖ్యంగా మోడెమ్‌లోని చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ, 10తో గానీ మొదలైతే, మీరు సీజీనాట్ వెనుక ఉన్నారు. ఒకే పబ్లిక్ చిరునామాను కంపెనీ ఎందరో వినియోగదారులకు కలిపి వాడుతోందన్నమాట. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) చిరునామాల సాధారణ నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఈ పంపకం కోసమే ఆ 100.64 వరుసను 2012లో విడిగా కేటాయించారు.

సీజీనాట్ ఉంటే బయటి నుంచి కెమెరాను పిలిచే సందేశం మీ ఇంటిదాకా రాదు, కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. మీరు బ్రిడ్జ్ పెట్టినా, ఎంత ఖరీదైన రూటర్ తగిలించినా, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి సందేశాన్ని ఇంట్లోని ఒక పరికరానికి మళ్లించడం) ఎన్నిసార్లు చేసినా కెమెరా తెరుచుకోదు. టెక్నీషియన్ మాట నమ్మి ఇక్కడే చాలామంది వారాల తరబడి తిరుగుతారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. దారులు మూడు. కంపెనీకి నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీకే చెందిన, మారని పబ్లిక్ చిరునామా) తీసుకోవడం ఒకటి. డీవీఆర్ (కెమెరాల వీడియోను రికార్డు చేసే పెట్టె) తయారీదారు ఇచ్చే క్యూఆర్ కోడ్ సేవను వాడటం రెండోది. అందులో డీవీఆరే లోపలి నుంచి బయటి సర్వరుకు కలుస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ గానీ, సదుపాయం ఉన్న రూటర్ గానీ ఉంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీ ఫోనుకూ ఇంటికీ మధ్య రహస్య దారి) పెట్టుకోవడం మూడోది. నేను ఎక్కువగా సిఫారసు చేసేది ఈ మూడోదాన్నే, ఎందుకంటే ఇందులో డీవీఆర్ ఎవరికీ బయట కనిపించదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ పట్టుకునే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. పబ్లిక్ ఐపీ ఉన్నా సరే, డీవీఆర్ పోర్టును నేరుగా బయటికి తెరవవద్దని నా గట్టి మాట.

ఇక పెట్టెలు రెండింటినీ కలిపే పద్ధతులు. చాలా ఇళ్లకు చాలినది యాక్సెస్ పాయింట్ మోడ్. మీ రూటర్‌లో ఆ మోడ్ ఎంచుకుంటే చిరునామాలు పంచే పని మోడెమ్‌దే అవుతుంది, మీ రూటర్ మంచి వైఫై మాత్రం ఇస్తుంది. ఇల్లంతా ఒకే నెట్‌వర్కు, కింది ప్రింటర్ ఎక్కడున్నా కనిపిస్తుంది. ఇందాక ఉందన్న వేరే దారి ఇదే. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ల్యాండ్‌లైన్, టీవీ ఏవీ చెదరవు. మీ రూటర్‌లోని పిల్లల నియంత్రణ, సొంత వీపీఎన్, ట్రాఫిక్ అదుపు లాంటివి మాత్రం పనిచేయకపోవచ్చు.

ఆ సదుపాయాలు కావాలంటే, బ్రిడ్జ్ దొరకకపోతే, ఇప్పుడున్నట్లు రెండు రూటర్లుగానే ఉంచి పద్ధతిగా అమర్చుకోవచ్చు. మోడెమ్ వైఫైని పూర్తిగా ఆపేయండి, ఇంట్లోని ప్రతి వస్తువూ మీ రూటర్‌కే కలవాలి. రెండు పెట్టెల లోపలి చిరునామాలు ఒకే వరుసలో ఉండకూడదు. మోడెమ్ 192.168.1.1 అయితే మీ రూటర్‌ను 192.168.50.1కి మార్చండి. మోడెమ్‌లో డీఎంజెడ్ (బయటి సందేశాలన్నీ ఒకే పరికరానికి పంపే ఎంపిక) కింద మీ రూటర్ చిరునామా ఇవ్వండి, ఆ చిరునామా మారకుండా స్థిరం చేయండి. ఒకదాని వెనుక ఒకటి రెండు నాట్‌లు (చిరునామాను మార్చి పంపే అంచెలు) ఉండటం ఘోరమైన నేరమేమీ కాదు. సినిమాలు, వీడియో కాల్స్, ఆఫీసు వీపీఎన్ మామూలుగా హాయిగా నడుస్తాయి. కొన్ని ఆటలు మాత్రం గొడవ పెడతాయి.

బ్రిడ్జ్ అన్నిటికంటే శుభ్రమైన అమరిక, దొరికితే తీసుకోండి. కస్టమర్ కేర్‌లో మొదట ఎత్తినవారికి ఆ మాట అర్థం కాకపోవచ్చు. ఇంటర్నెట్ వాన్ కనెక్షన్‌ను రూట్ నుంచి బ్రిడ్జ్‌కు మార్చమని, పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వమని, వీలాన్ (ఒకే లైనులో నెట్, ఫోను లాంటి సేవలను విడదీసే గుర్తు) నంబరు ఎంతో, ఏ ల్యాన్ పోర్టుకు కట్టారో చెప్పమని ఈ మాటల్లోనే అడగండి. నెట్‌వర్క్ విభాగానికి ఫిర్యాదు వెళ్లేటప్పుడు ఇవే అక్షరాలు టికెట్‌లో ఉండాలి. కొన్ని కంపెనీలు వీలాన్ ట్యాగును మోడెమ్‌లోనే తీసేస్తాయి, కొన్నిచోట్ల మీ రూటరే వేయాలి. బీఎస్‌ఎన్‌ఎల్‌లో అది ఊరిని బట్టి, ఓఎల్‌టీని బట్టి మారుతుంది కాబట్టి పక్క జిల్లావారి నంబరు చూసి వేయకండి. పీపీపీఓఈ కాకుండా నేరుగా డీహెచ్‌సీపీ (లాగిన్ లేకుండా చిరునామా దానంతటదే వచ్చే పద్ధతి) అయితే చాలాసార్లు పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌ను కంపెనీ గుర్తుపెట్టుకుని ఉంటుంది. కొత్తది నమోదు చేయించండి, లేదా రూటర్‌లో మ్యాక్ క్లోన్ (పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌ను కొత్తదానికి పెట్టడం) వాడండి.

మార్చే ముందు మోడెమ్‌లోని వాన్ పేజీలన్నిటినీ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి. అక్కడ ఇంటర్నెట్‌కు ఒక వరుస, ఫోనుకు ఇంకొకటి, ఐపీ టీవీకి మరొకటి ఉండవచ్చు. ఇంటర్నెట్ వరుసను మాత్రమే మార్చాలి. ఫోను వరుసను తీసేస్తే ల్యాండ్‌లైన్ మూగబోతుంది. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి, టీవీ, ఫోను, నెట్ కలిసి వచ్చే కనెక్షన్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఏం తేడా వచ్చినా మోడెమ్ వెనుక ఉన్న రీసెట్ గుంతలో పిన్ను గుచ్చకండి. లైనును గుర్తించే పాస్‌వర్డ్, వీలాన్ అన్నీ అందులోనే ఉంటాయి. అవి చెరిగిపోతే టెక్నీషియన్ వచ్చేదాకా ఇల్లంతా నెట్ లేకుండా కూర్చోవాలి.

పీపీపీఓఈ మీ రూటర్‌లో పెట్టాక ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 1492 ఉందో లేదో చూడండి. పీపీపీఓఈకి 8 బైట్లు పోతాయి కాబట్టి మామూలు 1500 నడవదు. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో వేలాడుతుంటే తొంభై పాళ్లు కారణం ఇదే. ఐపీవీ6 (కొత్త తరహా చిరునామాలు) కూడా ఆన్ చేసి, ప్రిఫిక్స్ డెలిగేషన్ (ఇంటి మొత్తానికి చిరునామాల వరుస తీసుకోవడం) ఎంచుకోండి. బ్రిడ్జ్‌లో ఉన్న లాభాల్లో ఇదొకటి, ఇంట్లోని ప్రతి వస్తువుకూ సొంత చిరునామా వస్తుంది. ఆ రోజు నుంచి బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబడేది మీ రూటరే. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, బయటి నుంచి నిర్వహణ అన్న ఎంపిక ఆపండి, ఫర్మ్‌వేర్ తాజాగా ఉంచండి. కొన్ని నెలల తర్వాత ఏదో ఒక ఉదయం ఉన్నట్టుండి నెట్ పోతే, కంపెనీ దూరం నుంచి పంపిన సెట్టింగులతో మోడెమ్ మళ్లీ రూట్ మోడ్‌లోకి వెళ్లిందేమో ముందు చూడండి. ఇందాకటి ఫోటోలు అప్పుడు పనికొస్తాయి.

నేను సొంత రూటర్‌ను ఇంతగా సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. వేగం ఎంతున్నా, కెమెరాల వీడియోనో, ఫోటోల బ్యాకప్పో అప్‌లోడ్‌ను నింపేస్తే ఆఫీసు కాల్‌లో మాట ముక్కలవుతుంది. ఎస్‌క్యూఎం (ట్రాఫిక్‌ను వరుసలో పెట్టే సదుపాయం) ఉన్న రూటర్‌లో అప్‌లోడ్ పరిమితిని ప్లాను కంటే కాస్త తక్కువకు పెడితే ఈ బాధ చాలావరకు పోతుంది. కంపెనీ పెట్టెల్లో ఈ సదుపాయం సాధారణంగా ఉండదు. ఇంటి నుంచి పనిచేసేవారికి దీని విలువ వైఫై 6 కంటే ఎక్కువ అంటాను.

మీ అన్నయ్యది వెరైజన్ ఫియోస్ అయి ఉండాలి. అందులో ఓఎన్‌టీ విడి పెట్టె, దాని నుంచి ఈథర్‌నెట్ నేరుగా బయటికి వస్తుంది, యూజర్‌నేమ్ లేదు, డీహెచ్‌సీపీతో చిరునామా వస్తుంది. కాబట్టి ఏ రూటరైనా కూర్చుంటుంది. అదే అమెరికాలో ఏటీ అండ్ టీ ఫైబర్ అయితే కంపెనీ గేట్‌వే పెట్టె లేకుండా లైను సాధారణంగా లేవదు, అక్కడివారు ఐపీ పాస్‌త్రూతో (పబ్లిక్ చిరునామాను తమ రూటర్‌కు దాటించే ఎంపిక) సరిపెట్టుకుంటారు. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి తమకు నచ్చిన పరికరాన్ని వాడుకునే హక్కును చట్టమే ఇచ్చింది, కంపెనీ లాగిన్ వివరాలు ఇచ్చి తీరాలి. మన దగ్గర కూడా ఆ వివరాలు అడగ్గానే ఇచ్చే రోజు రావాలని మనసారా కోరుకుంటాను. డబ్బు కట్టే వినియోగదారుడికి తన లైను వివరాలు దాచడంలో న్యాయం లేదు.

ఫైబర్ తీగ గురించి ఒక మాట. పచ్చ రంగు కనెక్టర్ ముఖం 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలం రంగుది అలా ఉండదు. ఒకదానిలో మరొకటి గుచ్చవద్దు. మోడెమ్ పేజీలో ఆప్టికల్ పవర్ -15 నుంచి -25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత, -27 దగ్గరికి వెళితే ఎక్కడో తీగ మడత పడింది లేదా కనెక్టర్ మురికి పట్టింది. ఎల్‌ఓఎస్ (కాంతి అందడం లేదని చెప్పే) దీపం ఎర్రగా వెలిగితే తప్పు మీ రూటర్‌ది కాదు, లైనుది. ఊడదీసిన తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకండి, అందులోని కాంతి కంటికి కనిపించదు. కరెంటు పోయినప్పుడు నెట్ ఉండాలంటే మినీ యూపీఎస్ రూటర్‌కు ఒక్కదానికే కాదు, కింది మోడెమ్‌కూ కావాలి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు సరిపోలాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.

ఈ రోజు కేబుల్ ప్లగ్గు చూసి, లింకు 1000కి తెచ్చి, రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. 94, ప్రింటర్ రెండూ తీరాలి. తర్వాత మోడెమ్‌లోని వాన్ చిరునామా మొదటి రెండు అంకెల గుంపులు, డీవీఆర్ మోడల్ రాయండి. మొత్తం చిరునామా ఎక్కడా పెట్టకండి. ఆ వివరాలను బట్టి మీ కెమెరాలకు స్టాటిక్ ఐపీ కొనాలో, వీపీఎన్ చాలునో చెప్పి, సెట్టింగులు వరుసగా రాస్తాను.